రెజొనెన్స్ ట్యూబు మీద దుమ్ము దులపండి

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్‌లలో పిల్లల్ని ఇంటర్ చదివిస్తున్న తల్లిదండ్రులకు, తోటి లెక్చరర్లకు విన్నపం.

ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి ఫీజులు కట్టారు. ఒకసారి ఫిజిక్స్ ల్యాబు కూడా చూడండి. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని రీడింగులు ఎక్కించడం కొత్త సంగతేమీ కాదు.

వాయువును ఒక డిగ్రీ వేడిచేయడానికి పట్టే వేడి, పీడనం స్థిరంగా ఉంటే సీపీ, ఘనపరిమాణం స్థిరంగా ఉంటే సీవీ. మీ అబ్బాయినో అమ్మాయినో 'సీపీ మైనస్ సీవీ ఎంత?' అని అడగండి. 'ఆర్', అంటే వాయు స్థిరాంకం, అని టక్కున చెబుతారు. అది మోలుకు. గ్రాముకు ఎంత అంటే చాలామంది నీళ్లు నములుతారు. ఆర్‌ని అణుభారంతో భాగించాలి. స్థిర పీడనంలో వేడిచేస్తే వాయువు వ్యాకోచిస్తూ పని చేస్తుంది. ఆ పనికి పట్టే వేడే ఈ తేడా. అది అణువుల సంఖ్యను బట్టి ఉంటుంది. గ్రాము ఆర్గాన్‌లో కన్నా గ్రాము హీలియంలో అణువులు పది రెట్లు. అందుకే తేడా ఆర్గాన్‌కు 0.208 జౌళ్లు, హీలియంకు 2.08. 1842లో మేయర్ అనే జర్మన్ డాక్టరు ఈ తేడా నుంచే ఎంత వేడికి ఎంత పనో లెక్క కట్టాడు.

ఈ తేడాను మన పిల్లలూ ల్యాబులోని రెజొనెన్స్ ట్యూబుతో లెక్క కట్టగలరు. 512 హెర్ట్జ్ శ్రుతిదండం మోగించి, ట్యూబులో నీళ్లు మెల్లగా దించుతూ చెవి పెడితే 16 సెంటీమీటర్ల దగ్గర ఒకసారి, 50 దగ్గర ఇంకోసారి శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. తేడా 33.9 వస్తే ధ్వని వేగం సెకనుకు 347 మీటర్లు. మామూలుగా రికార్డు ఇక్కడే మూసేస్తారు. నా గోల అంతా ఇక్కడే.

ఇంకో నాలుగు లైన్లు రాయించండి. వేగం వర్గాన్ని కిలో గాలి సీపీ 1005తోనూ, ఉష్ణోగ్రత 300 కెల్విన్‌తోనూ భాగిస్తే 0.40. దానికి ఒకటి కలిపితే విశిష్టోష్ణాల నిష్పత్తి 1.40. సీపీని దానితో భాగిస్తే సీవీ 718, తేడా 287. కిలోమోలుకు ఆర్ అయిన 8314ను 287తో భాగిస్తే 29. గాలి అణుభారం! నీటి ఆవిరి వల్ల కాస్త అటూ ఇటూ అయితే కానివ్వండి, వైవాలో అదే అడగొచ్చు. ఆర్గాన్ దొరికిన కొత్తలో దాన్ని కనుగొన్న రేలీ, రామ్సే కూడా అందులో ధ్వని వేగం కొలిచి, నిష్పత్తి 1.67 దాకా ఉందని, అది ఏకపరమాణుక వాయువని తేల్చారు.

ఎంట్రన్స్‌లో 160 బిట్లకు 180 నిమిషాలు, ఇదంతా ఎక్కడ కుదురుతుంది అంటారు. కానీ మోలును గ్రాముగా మార్చి ఇచ్చిన బిట్టుకు షార్ట్‌కట్ పనికిరాదు. ఈ లెక్క ఒక్కసారి చేతితో చేసినవాళ్లు అక్కడ తడబడరు. కొత్త పరికరాలు అక్కర్లేదు. వారానికి ఒక డబుల్ పీరియడ్, మొదటి ఏడాది నుంచే ల్యాబులో పెట్టించండి. రికార్డులో ఒక పేజీ పెంచడానికి ఇంటర్ బోర్డు ఆర్డరు కోసం ఆగనక్కర్లేదు.

ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్తే మార్కుల షీటుతో పాటు రికార్డు కూడా తెప్పించుకోండి. ఆ రీడింగులు ఎవరు తీశారో అడగండి.

ఇట్లు,
ఈ ప్రాంతంలోనే ఫిజిక్స్ చెప్పే ఒక లెక్చరర్