సంతృప్తి పాఠం ముందు కాటా పట్టుకున్నోడికి చెప్పండి

పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

పోయిన శుక్రవారం జుమా నమాజు అయ్యాక మసీదు బయట వేపచెట్టు కింద నిలబడి తరుగు సంగతి మాట్లాడుకుంటున్నాం. మిర్చి వేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రాస్తన్నా. టిక్కీని కాటా మీద పెడతారు. గోతం బరువు తీసేస్తారు, అది న్యాయమే. ఆ తర్వాత తేమ అని కొంత, తాలు అని కొంత, మచ్చు కాయలని గుప్పెడు. చివరికి చీటీలో పడే బరువు కాటా చూపించిన బరువు కాదు. అడిగితే ఎప్పట్నించో ఉన్న పద్ధతే అంటారు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిన పంట ఇది. అలాంటి రోజుల్లో టిక్కీకి కిలో పోయినా మాకు అది కూలి డబ్బు.

మా మాటలు విన్న కొట్టు యజమాని ఒకాయన, నమాజులో నా పక్కన నిలబడే మనిషే, నా భుజం మీద చెయ్యేసి "ఖనాఅత్ ఉండాలి భాయ్. రాసిపెట్టినంతే వస్తుంది. కిలో కోసం కొట్లాడితే బరకత్ పోద్ది" అన్నాడు. అందరూ తలలూపారు. సిగ్గులేకుండా నేనూ ఊపాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలా.

ఖనాఅత్ అంటే ఉన్నదాంతో తృప్తిపడటం. మా ధర్మంలో అది పెద్ద గుణం. కాదనేవాడు లేడు. ఐశ్వర్యం అంటే సరుకులు ఎక్కువ ఉండటం కాదు, మనసు నిండుగా ఉండటమే అని ప్రవక్త (స) చెప్పారు. మనిషికి ఒక లోయ నిండా బంగారం ఇస్తే రెండో లోయ అడుగుతాడనీ, వాడి నోరు నింపేది చివరికి మట్టేననీ చెప్పారు. ఆస్తిపాస్తుల విషయంలో నీకంటే పైవాడిని కాదు, కిందవాడిని చూడమన్నారు. ఇవన్నీ నేను నమ్ముతా. కానీ ఒక్కటి గమనించండి. కిందవాడిని చూసుకోవాల్సింది నేను. నాకు బాకీ ఉన్నవాడు వేలు పెట్టి వాణ్ణి నాకు చూపించకూడదు. నా మనసుకి నేను వేసుకోవాల్సిన కళ్లెం అది. దాన్ని నా నోటికి వేసే హక్కు నా దగ్గర సరుకు కొనేవాడికి ఎవడిచ్చాడు?

ప్రవక్త (స) బీదవాడికి ఏం చెప్పారో చూద్దాం. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. మదీనాలో అన్సారీ ఒకాయన సాయం అడగటానికి వచ్చాడు. ఇంట్లో ఏమన్నా ఉందా అంటే, సగం కప్పుకుని సగం పరుచుకునే ఒక గుడ్డ, నీళ్లు తాగే గిన్నె ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి ప్రవక్తే చేతిలో పట్టుకుని వేలం పెట్టారు. ఒకాయన ఒక దిర్హం ఇస్తానన్నాడు. అక్కడ ఆగండి. ఆ బీదవాడితో "ఒక దిర్హంతో తృప్తిపడు, రాసిపెట్టింది అంతే" అన్నారా? అనలేదు. అంతకంటే ఎక్కువ ఎవరిస్తారని రెండుమూడు సార్లు అడిగారు. ఇంకొకాయన రెండు దిర్హములు ఇచ్చాడు. ఒకటి ఇంట్లో తిండికి, రెండోదానితో గొడ్డలి కొనుక్కు రమ్మన్నారు. దానికి పిడి తన చేత్తో బిగించి ఇచ్చారు. పదిహేను రోజులు కనపడొద్దు, కట్టెలు కొట్టి అమ్ముకో అన్నారు. ఆ మనిషి పది దిర్హములు సంపాదించి వచ్చాడు.

బీదవాడి తరఫున ధర పెంచమని అడిగింది ఎవరో చూశారుగా. ఆయన ఉమ్మత్‌లో పుట్టి, నా సరుక్కి పూర్తి బరువు రాయమని అడిగితే నాది దురాశ అయిందా!

ఇక కాటా సంగతి. ఖుర్ఆన్‌లో 83వ సూరా పేరే తూకంలో మోసం చేసేవాళ్ల మీద ఉంది. తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లకి వినాశనం అని మొదలవుతుంది. మద్‌యన్ జనానికి షుఐబ్ ప్రవక్త చెప్పిందీ ఇదే, కొలత సరిగా ఇవ్వండని. అక్కడ తక్కువ తూకం అందుకున్నవాడిని సర్దుకుపొమ్మని ఒక్క మాట లేదు. హెచ్చరికంతా త్రాసు పట్టుకున్నోడికే. మరి మన వేపచెట్టు కింద పాఠం ఎటు తిరిగింది?

ఇంతవరకు రాసి ఆపేస్తే నాకు లైకులు బాగానే వస్తాయి. కానీ నా సంగతి కూడా చెప్పాలి.

2023లో క్వింటా 20 వేలు దాటింది. నా జన్మలో అంత ధర చూడలా. అమ్మితే అప్పు తీరి, కొంత చేతిలో ఉండేది. పక్క చేనాయన ఇంకా పెరుగుద్దన్నాడు. నలభై టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టా. రోజూ పొద్దున లేవగానే ఫోన్లో రేటు చూడటం, పక్కోడు ఎంతకి అమ్మాడో ఆరా తియ్యటం. నమాజులో కూడా లెక్కలే. చివరికి రంగు పోయిన కాయని దిగిన ధరకి అమ్మా. ఆ రోజుల్లో ఖనాఅత్ లేనిది నాకే. ఆ నష్టం నాది, దానికి ఎవర్నీ తిట్టను.

సిగ్గుపడాల్సింది అది కాదు. కోత కూలీలకి ఇవ్వాల్సింది కొంత బాకీ ఉంది. సరుకు అమ్మాక ఇస్తానన్నా. మా వీధి చివర ఉండే ఒకామె, మొగుడు లేని మనిషి, మూడుసార్లు తిరిగింది. మూడోసారి నేనేమన్నానో తెలుసా? "ఓపిక పట్టమ్మా, దేవుడు చూస్తాడు" అన్నా. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త ఉమ్మత్ వాణ్ణి నేను, ఆమెకి సబర్ నేర్పా. ఆమె ఏం మాట్లాడకుండా వెళ్లింది. తర్వాత డబ్బు ఇచ్చాను, ఇచ్చాననుకుంటే సరిపోయేది కాదది. శుక్రవారం ఆయన చెయ్యి నా భుజం మీద పడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ఆమె మొహమే. అందుకే అంత మండింది కాబోలు.

ఒక్క విషయం కామెంట్లలో రాకముందే చెప్తా. అడగటం మొదలుపెడితే ఆశకి హద్దుండదు అంటారు కొందరు. పంట మీద జకాత్ వానకి పండితే పదో వంతు, కష్టపడి తోడిన నీటికి పండితే ఇరవయ్యో వంతు అని హద్దులు గీసిన ధర్మం ఇది. నీళ్లు తోడే ఖర్చు కూడా లెక్కలోకి తీసుకుంది. రైతు లెక్క అడిగితే తప్పుపట్టే ధర్మం కాదు.

ఆయన మీద నాకు కక్ష లేదు. పేరు రాయను, మీరూ రాయొద్దు. మొన్న కోతకి వచ్చినవాళ్ల కూలి లెక్కంతా నిన్న రాత్రి కూర్చుని సరిచేసి ఇచ్చేశా. మూడేళ్ల చీటీలు సంచిలో పెట్టుకున్నా. సోమవారం పొద్దున ఏడింటికి కొట్టుకి పోతన్నా, ఏ టిక్కీకి ఎంత తీశారో కాయితం మీద రాసిమ్మని అడగటానికి. వచ్చేవాళ్లు మీ చీటీలు తెచ్చుకోండి. గొడవకి వచ్చేవాళ్లు రావొద్దు.