ఉతికిన నోటు

మన డాక్టరు మిత్రుల్లో ఈమధ్య పాత నోట్ల వ్యామోహం ముదిరింది. సంతోషమే. గోల్ఫు కర్రలమీద పోసే డబ్బుకన్నా ఇది నయం. కాని 1917 నాటి రూపాయి నోటు కనబడగానే “మడత పడిందా?” అని మొట్టమొదట అడగడం మాత్రం మాకు మింగుడుపడదు.

మడత పడక ఏమవుతుంది? మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరువు వచ్చి, 1917 నవంబరు 30న అయిదవ జార్జి రూపాయి బిళ్ళ బొమ్మతో ఆ నోటు వచ్చింది. వెనువెంటనే 1918 జనవరిలో రెండు రూపాయల ఎనిమిదణాల నోటు. విలువను ఎనిమిది దేశభాషల్లో వేశారు, తెలుగూ ఉంది. అయినా వెండి మోగితేగాని నమ్మని జనం కాగితాన్ని నమ్మలేదు. చాలాచోట్ల నోటు మార్చాలంటే వట్టం ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ గడ్డుకాలంలోనే, 1918లో, అమెరికా పిట్‌మన్ చట్టం చేసి సుమారు 26 కోట్ల వెండి డాలర్లు కరిగించి బ్రిటనుకు అమ్మింది. ఆ వెండి చాలావరకు ఇండియా రూపాయలకే. మనకిప్పుడు జీతాలిస్తున్న దేశపు వెండిని మన తాతలు అప్పుడే రొండిన దోపుకొన్నారన్నమాట! 1926 జనవరి 1 నుంచి ఆ రెండు నోట్లూ ఆగిపోయాయి.

పెద్దనోటు షావుకారు ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటుంది. రూపాయి నోటు కూలివాడి మొలలో చెమటకు నానుతుంది, సంతలో నలుగుతుంది, చిరిగిపోతుంది. మిగిలినవి తక్కువ అందుకే.

అలా మిగిలినదాన్ని మనవాళ్ళు నీళ్ళలో ఉతికి, ఇస్త్రీ చేసి, అంచులు కత్తిరించి పెళ్ళికొడుకును చేస్తున్నారు! కాగితానికి బిగువునిచ్చే పూత నీళ్ళలో పోతుంది. ధర పెరుగుతుందంటారా? చెయ్యి తిరిగిన సేకర్త ఇట్టే పట్టేస్తాడు, ధరా పోతుంది. పెరిగినా సరే, అది మచ్చలు చెరిపేసిన కేసుషీటే.

అంతకన్నా పెద్ద అపరాధం మరొకటుంది. ఊళ్ళో అత్తయ్యగారి ట్రంకుపెట్టెలోంచి నోటు తెచ్చుకుంటారు. అది ఎవరి సంపాదన? ఎందుకు ఖర్చుపెట్టకుండా దాచారు? అడిగినవారు మాకు ఒక్కరూ కనబడలేదు. రోగిని ఒక్క ముక్క అడక్కుండా రక్తపరీక్షకు పంపిన హౌస్‌సర్జనును మనం ఊరుకుంటామా? అత్తయ్యగారికి ఎనభై దాటాయి. ఆవిడతోపాటే ఆ సంగతీ పోతుంది, తరవాత ఏ వేలంపాటలోనూ కొనలేం.

వచ్చే సమావేశానికి నోట్లు తెచ్చేవారు ప్రతిదానికీ ఒక చీటీ జతచేయాలి: ఏ ఊరు, ఎవరి పెట్టె, ఎవరు చెప్పారు. ఉతికిన నోట్లను బల్లమీద పెట్టనివ్వం. చీటీ రాయడానికి ఏమీ తెలియదంటే, ఈ ఆదివారమే ఊరికి ఫోను చేయండి.