వాట్సాప్ కాల్ ‘త్వరలో’... పదేళ్లుగా అదే మాట

పలాస – టెక్కలి: కాశీబుగ్గలో రాత్రి పది గంటలైతే దుబాయ్‌లో ఎనిమిదిన్నర. డ్యూటీ నుంచి క్యాంపుకు వచ్చి, స్నానం చేసి, ఇషా నమాజు ముగించుకుని ఇంటికి ఫోన్ చేసే వేళ అది. ఇక్కడ అమ్మీ ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చుంటుంది. కొడుకు పంపిన ‘సలాం’ మెసేజ్ వస్తుంది. గదిలో తీసుకున్న ఫొటో వస్తుంది. నిమిషం నిడివి వాయిస్ మెసేజ్ కూడా వస్తుంది. కానీ అదే వాట్సాప్‌లో పైన ఉన్న ఫోన్ గుర్తు నొక్కితే మాత్రం ‘కనెక్టింగ్’ అని తిరుగుతూనే ఉంటుంది. గొంతు వినపడదు.

యూఏఈలో మనవాళ్లున్న ప్రతి ఇంటికీ ఇది తెలిసిన సంగతే. పలాస, టెక్కలిలోని ముస్లిం కుటుంబాలకే కాదు, ఉద్దానం తీరంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, కూలీలుగా వెళ్లిన వాళ్ల ఇళ్లకూ ఇదే పరిస్థితి. ఏడాదికోసారైనా ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది: ‘ఖుష్ ఖబర్! దుబాయ్‌లో వాట్సాప్ కాల్ ఓపెన్ అయింది’. అందరూ ఒకసారి నొక్కి చూస్తారు. రెండు రోజులకు మళ్లీ మామూలే. ఆశపెట్టి ఆపేసినందుకు కోపం, ఎవరిని అడగాలో తెలియని నిస్సహాయత, రెండూ మిగులుతాయి.

అసలు ఇది ఎందుకు రావడం లేదు? సాంకేతిక సమస్యా? భద్రత సమస్యా? డబ్బు సమస్యా?

ఎన్నిసార్లు ‘త్వరలో’?

వాట్సాప్‌లో వాయిస్ కాల్ సౌకర్యం 2015లో వచ్చింది. 2016 నవంబరులో వీడియో కాల్ వచ్చింది. ప్రపంచంలో ఎక్కువ దేశాల్లో ఇది అప్‌డేట్ చేసుకున్న రోజు నుంచే పనిచేసింది. యూఏఈలో మాత్రం 2015లోనే ఆపేశారు. మెసేజ్‌కు అనుమతి ఉంది, మాటకు లేదు.

తర్వాత ఆశలు రేగిన సందర్భాలు చాలానే ఉన్నాయి. 2017 సెప్టెంబరులో సౌదీ అరేబియా ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధం ఎత్తేసింది. తమ నిబంధనలకు ఒప్పుకున్న యాప్‌లకే దారి ఇస్తామని చెప్పింది. ఆ ప్రకటన వచ్చిన వెంటనే సౌదీలో వాట్సాప్ కాల్ మాత్రం మోగలేదు. అయినా ‘సౌదీ తెరిచింది, ఇక దుబాయ్ కూడా తెరుస్తుంది’ అనుకున్నారు. జరిగింది వేరు. ఆ ఏడాది చివరికి యూఏఈలో స్కైప్ కూడా ఆగిపోయింది.

2019 నవంబరులో యూఏఈ సైబర్ భద్రత ఉన్నతాధికారి మహమ్మద్ అల్ కువైతీ సీఎన్‌బీసీ ఛానల్‌తో మాట్లాడుతూ, వాట్సాప్ కాల్స్‌పై నిషేధం త్వరలో తొలగవచ్చని చెప్పారు. ఇది గాలివార్త కాదు, బాధ్యత గల అధికారి నోటి మాట. 2020 మార్చిలో కరోనా వచ్చాక ఇంటి నుంచి పని, ఆన్‌లైన్ చదువుల కోసం జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటి వాటిని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ అనుమతించింది. వాట్సాప్ ఆ జాబితాలో లేదు. 2021 అక్టోబరులో దుబాయ్ ఎక్స్‌పో మొదలైనప్పుడు కొందరికి కాల్స్ కలిశాయన్న వార్తలు వచ్చాయి. అదీ అందరికీ దక్కలేదు. ఇప్పటికీ మామూలు సిమ్ మీద, మామూలు కనెక్షన్ మీద ఆ కాల్ కుదరడం లేదు.

తాళం యాప్‌లో లేదు, లైసెన్సులో ఉంది

యూఏఈ నిబంధన ప్రకారం ఇంటర్నెట్ ద్వారా కాల్స్ అందించాలంటే అక్కడ లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీలతో ఒప్పందం ఉండాలి. అలాంటి కంపెనీలు ప్రధానంగా రెండే. ఒకటి ఎతిసలాత్ (ఇప్పుడు ‘ఈ అండ్’ అంటున్నారు), రెండోది డు. ఎతిసలాత్‌లో 60 శాతం వాటా ప్రభుత్వ పెట్టుబడి సంస్థదే. అంటే నియమం పెట్టేదీ ప్రభుత్వమే, ఆ నియమం వల్ల లాభపడే కంపెనీలో పెద్ద వాటాదారూ ప్రభుత్వమే.

స్కైప్ ఆగిపోయిన ఆ రోజుల్లోనే బోటిమ్, సీమీ అనే రెండు యాప్‌లకు అనుమతి ఇచ్చి, వాటికోసం ఇంటర్నెట్ కాలింగ్ ప్లాన్ తెచ్చారు. మొబైల్‌కు నెలకు 50 దిర్హాములు, ఇంటి కనెక్షన్‌కు 100. డేటా ప్యాక్ డబ్బు దీనికి అదనం.

చిన్న లెక్క వేసుకుందాం. నెలకు 50 దిర్హాములంటే ఏడాదికి 600. దిర్హాము 23 రూపాయల లెక్కన 13,800 రూపాయలు. నెలకు వెయ్యి దిర్హాముల జీతం మీద పనిచేసే కూలీకి ఇది సంపాదనలో 5 శాతం. పెద్ద ఉద్యోగికి ఇది టీ ఖర్చు. లేబర్ క్యాంపులో ఉన్నవాడికి ఇంటికి పంపే డబ్బులో కోత. అందుకే నలుగురు కలిసి ఒకరి ప్లాన్ మీద వంతులవారీగా మాట్లాడుకోవడం, లేదంటే వాయిస్ మెసేజ్‌లతో సరిపెట్టుకోవడం.

భద్రత పేరు కూడా వినిపిస్తుంది. మధ్యలో ఎవరూ వినలేని విధంగా వెళ్లే కాల్స్ మీద ప్రభుత్వాలకు అనుమానం ఉంటుంది, నిజమే. కానీ అదే వాట్సాప్‌లో మెసేజ్‌లూ అలాగే రహస్యంగా వెళ్తాయి. వాటికి అనుమతి ఉంది. పక్కనే ఉన్న కువైట్‌లో వాట్సాప్ కాల్ పనిచేస్తుంది. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లిన వాళ్లు ఇంటితో మామూలుగా మాట్లాడుకుంటున్నారు. కాబట్టి ఇది అరబ్ దేశాలన్నిటి విధానమూ కాదు, యాప్‌లో లోపమూ కాదు. ఒక దేశం తన టెలికాం వ్యాపారాన్ని ఎలా నడపాలనుకుంటుందో ఆ నిర్ణయం. వాట్సాప్ కొత్త వెర్షన్ కోసం ఎదురుచూడటం వల్ల ప్రయోజనం లేదని అర్థం చేసుకోవాల్సింది ఇక్కడే.

ఆకలి మీద ఉన్నవాడికి ఏదైనా అన్నమే

ఆలస్యానికి ఇంకో నష్టం ఉంది. 2019లో టోటాక్ అనే యాప్ వచ్చింది. ఉచితంగా వాయిస్, వీడియో కాల్. యూఏఈలో ఏ అడ్డూ లేకుండా పనిచేసింది. జనం ఎగబడి డౌన్‌లోడ్ చేసుకున్నారు. అదే డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం రాసింది. వాడేవాళ్ల మాటలు, కదలికలు, పరిచయాల మీద యూఏఈ ప్రభుత్వం నిఘా పెట్టడానికి ఈ యాప్ ఉపయోగపడుతోందని అందులోని ఆరోపణ. కంపెనీ కాదని ఖండించింది. గూగుల్, ఆపిల్ తమ స్టోర్ల నుంచి దాన్ని తీసేశాయి.

నిజం ఎంత అన్నది పక్కన పెడదాం. మామూలు దారి మూసేస్తే జనం ఏ దారి దొరికితే ఆ దారిన పోతారు. ఆ దారి ఎవరు వేశారో చూసుకునే తీరిక ఉండదు.

వీపీఎన్ కథ కూడా ఇదే. ‘ఈ వీపీఎన్ వేసుకో, వాట్సాప్ కాల్ కలుస్తుంది’ అని రూమ్మేట్ చెబుతాడు. కలుస్తుంది కూడా. కానీ యూఏఈ 2016లో చట్టాన్ని కఠినం చేసింది. నేరం చేయడానికి గానీ, అది బయటపడకుండా దాచడానికి గానీ నకిలీ ఐపీ అడ్రసు వాడితే జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల వరకు ఉంటుంది. మన రూపాయల్లో తక్కువలో తక్కువ కోటి 15 లక్షలు. కంపెనీలు తమ పని కోసం వీపీఎన్ వాడుకోవచ్చని అధికారులు అప్పట్లో వివరణ ఇచ్చారు. నిషేధించిన కాల్ కోసం వాడే కార్మికుడికి ఆ వివరణ రక్షణ కాదు. ‘అందరూ వాడుతున్నారు, ఏం కాదులే’ అనుకోవడం సొంత పూచీ మీద చేసే పనే.

ఇక్కడ గొడవ చేస్తే ఆగింది

మన దేశం మాత్రం మొదటి నుంచీ ఉదారంగా ఏమీ లేదు. 2002 ఏప్రిల్ 1 దాకా ఇండియాలో ఇంటర్నెట్ ద్వారా ఫోన్ మాట్లాడటానికి అనుమతే లేదు. విదేశీ కాల్స్ ఆదాయం పోతుందన్న భయం ఇక్కడా ఉండేది. అందుకే ఐఎస్‌డీ బూత్‌లో మీటరు చూస్తూ మాట్లాడిన తరం మనది. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా డబ్బు వసూలు చేస్తామని ప్రకటించింది. దేశమంతా నిరసన వచ్చింది. కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక కాల్‌కు విడిగా డబ్బు అన్న మాటే పోయింది.

తేడా ఎక్కడుంది? ఇక్కడ అడిగినవాళ్లు ఓటర్లు, వినియోగదారులు. అక్కడ ఇబ్బంది పడేవాడు వలస కార్మికుడు. వీసా కంపెనీ చేతిలో ఉంటుంది. అతను రోడ్డెక్కలేడు, గట్టిగా రాయలేడు. అందుకే పదేళ్లుగా ఈ అసంతృప్తి క్యాంపు గదుల్లో, ఇక్కడి ఇళ్లలో, ఫ్యామిలీ గ్రూపుల్లోనే తిరుగుతోంది. అడగాల్సిన చోటికి చేరడం లేదు.

చేరవేయాల్సింది మన ప్రభుత్వాలు. ఇండియా, యూఏఈ మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. అందులో డిజిటల్ వాణిజ్యానికి ప్రత్యేక అధ్యాయమే ఉంది. 2023 జులైలో రెండు దేశాల కేంద్ర బ్యాంకులు రూపాయి, దిర్హాముల్లో లావాదేవీల కోసం, చెల్లింపుల వ్యవస్థలను కలపడం కోసం ఒప్పందాలు చేసుకున్నాయి. కొడుకు పంపే డబ్బు త్వరగా చేరాలని ఇంత శ్రద్ధ పెట్టినప్పుడు, అతని గొంతు చేరే సంగతీ అదే బల్ల మీద పెట్టొచ్చు. కనీసం తక్కువ జీతం వాళ్లకు చవక ప్లాన్ అయినా అడగొచ్చు. ఇది ఇంకో దేశం చట్టంలో జోక్యం కాదు, మన మనుషుల సంక్షేమం.

రాష్ట్రం సంగతీ చూడండి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. ప్రభుత్వ ఆఫీసును వాట్సాప్‌లోకి తెచ్చిన రాష్ట్రానికి, అదే వాట్సాప్‌లో తల్లితో మాట్లాడలేకపోతున్న కొడుకు గురించి ఢిల్లీలో ఒక మాట అడగడం కష్టం కాదు. శ్రీకాకుళం ఎంపీ కేంద్ర మంత్రి కూడా. టెక్కలి ఎమ్మెల్యే రాష్ట్ర మంత్రి. వినతిపత్రం ఇవ్వడానికి మన జిల్లా వాళ్లు దూరం వెళ్లక్కర్లేదు.

ఉద్దానంలో మాట విలువ

ఇదంతా సరదా కబుర్ల కోసం కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తాకిందో అందరికీ తెలుసు. పలాసలోనో సోంపేటలోనో నాన్న డయాలసిస్‌కు వెళ్లిన రోజు కొడుక్కి రిపోర్టు ఫొటో చేరుతుంది. నాన్న ముఖం ఎలా ఉందో చేరదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే దెబ్బతీసింది. జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. సిగ్నల్ తిరిగి వచ్చాక కూడా దుబాయ్ వైపు నుంచి వాట్సాప్ కాల్‌కు దారి లేదు. ఇంట్లో జనాజా లేచే వేళ దూరంగా ఉన్న కొడుక్కి మిగిలేది వాయిస్ మెసేజ్ మాత్రమే అయితే, ఆ లోటు ఏ రీచార్జితోనూ పూడదు.

అప్పటిదాకా ఏం చేయాలి?

‘ఓపెన్ అయింది’ అన్న ఫార్వర్డ్‌ను యూఏఈ టెలికాం నియంత్రణ సంస్థ (టీడీఆర్ఏ) ప్రకటన లేకుండా నమ్మొద్దు, పంపొద్దు. అలాంటి మెసేజ్‌లోని లింకు నొక్కి యాప్ అసలే దించుకోవద్దు. అనుమతి ఉన్న యాప్‌ల జాబితా ఒకటి ఉంది. బోటిమ్‌తో పాటు జూమ్, టీమ్స్ లాంటివి అందులో ఉన్నాయి. జూమ్ ఉచిత ఖాతాలో ఒక్కో మీటింగ్‌కు 40 నిమిషాలు దొరుకుతాయి. లింకును వాట్సాప్ మెసేజ్‌లోనే పంపుకోవచ్చు. ఈ జాబితా, ప్లాన్ల ధరలు మారుతుంటాయి కాబట్టి వాడేముందు ఎతిసలాత్ లేదా డు కౌంటరులో అడిగి తెలుసుకోవడం మంచిది. కొత్తగా వెళ్లేవాళ్లు బయల్దేరక ముందే అమ్మీ ఫోన్‌లో ఆ యాప్ పెట్టి, ఎలా ఎత్తాలో నేర్పించి వెళ్తే సగం బాధ తగ్గుతుంది.

మిగతా సగం మన చేతిలో లేదు. అడగడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఈసారి ‘ఖుష్ ఖబర్’ ఫార్వర్డ్ వచ్చినప్పుడు ఇంకో పది గ్రూపులకు పంపే బదులు, అదే నిమిషంలో ఎంపీ ఆఫీసుకు ఒక లేఖ రాస్తే ‘త్వరలో’ అన్న మాటకు ఒక తేదీ అయినా అడిగినట్టు అవుతుంది.