సముద్రపు నీళ్ళు మంచినీళ్ళైతే చెరువులతో పనేమిటి?



గత వేసవిలో ఒక ఉదయం మా డయాలసిస్ గది బయట ఒక తల్లి కూర్చుని ఉంది. లోపల ఆమె భర్తకు డయాలసిస్ జరుగుతోంది. ఆమె చేతిలో ఖాళీ నీళ్ళ క్యాను ఉంది. మాలో ఒకరిని ఆపి, "సిస్టరమ్మా, చెన్నపట్నంలో సముద్రం నీళ్ళను మంచినీళ్ళు చేస్తున్నారంట గదా. అట్లాంటిది మన పక్క కూడా ఒకటి పెడితే ఇంక చెరువులతో, బావులతో మనకు పనేముంది?" అని అడిగింది. ఆ పూట నిలబడి జవాబు చెప్పే తీరిక మాకు లేకపోయింది. మా ఆసుపత్రికి వచ్చే రోగులలోను, సంఘ కుటుంబాలలోను చాలామంది సముద్రపు ఒడ్డువారే. అందుచేత ఆమెకు బాకీపడిన జవాబును ఈ పత్రిక ద్వారా అందరికీ చెబుతున్నాము.

మా అభిప్రాయం ముందుగానే చెప్పేస్తాము. సముద్రపు నీటిని శుద్ధిచేసే పెద్ద ప్లాంట్లు కావలసిన చోట కట్టవలసిందే. కాని అవి ఊరికి డయాలసిస్ లాంటివి. ప్రాణం నిలబెడతాయి. అంతమాత్రాన ఉన్న కిడ్నీలను పాడుచేసుకోవడం తెలివి కాదు.

ఉప్పు లెక్క

వార్డులో మీకు ఎక్కించే మామూలు సెలైన్ బాటిల్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తానికి సరిపడేటట్లు దానిని అలా తయారుచేస్తారు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అంటే దాదాపు నాలుగింతలు. అంత ఉప్పును బయటికి పంపగల శక్తి మన కిడ్నీలకు లేదు. అందుకే దాహానికి తాళలేక సముద్రపు నీళ్ళు త్రాగినవాడు, త్రాగినదానికంటే ఎక్కువ నీటిని మూత్రంలో పోగొట్టుకుని ఇంకా ఎండిపోతాడు.

పెద్ద ప్లాంట్లలో సముద్రపు నీటిని ముందు వడగట్టి, తరువాత బలమైన పంపులతో సన్నని పొరల గుండా నెడతారు. నీరు అవతలికి పోతుంది, ఉప్పు ఇవతల ఉండిపోతుంది. మా డయాలసిస్ గది వెనుక ఉన్న ఆర్.ఓ. ప్లాంటు పనిచేసేదీ ఇలాగే. ఒక్క రోగికి నాలుగు గంటల డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. కనుక ఆర్.ఓ. నీటి విలువేమిటో, దాని ఖర్చేమిటో మాకు ప్రతిదినం తెలుస్తూనే ఉంటుంది.

చెన్నై చెప్పే పాఠం

మనకు దగ్గరలో ఉన్న ఉదాహరణ చెన్నై. ఆ నగరానికి మన నీళ్ళతో కూడా సంబంధం ఉంది. 1983 నాటి ఒప్పందం ప్రకారం కృష్ణా నీటిని కండలేరు జలాశయం నుండి కాలువ ద్వారా పూండికి పంపాలి. సరిహద్దు దగ్గర ఏడాదికి 12 టి.ఎం.సి. అందించాలని లెక్క. కృష్ణాలో నీళ్ళు తగ్గిన సంవత్సరాలలో ఆ వాటా పూర్తిగా అందదు.

2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ దాదాపు ఎండిపోయాయి. ఆ జూలైలో జోలార్‌పేట నుండి రైలు వ్యాగన్లలో, ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్ల చొప్పున నీళ్ళు తెచ్చారు. బిందెలు వరుసలో పెట్టి అర్ధరాత్రి ట్యాంకరు కోసం కాచుకున్న స్త్రీల ఫొటోలను మనమందరము పేపర్లలో చూశాము. ఆ కష్టకాలంలో కూడా ఆగకుండా నీరిచ్చినవి సముద్రపు నీటి ప్లాంట్లే. మీంజూరు దగ్గర కాట్టుపల్లిలో 2010 లో, నెమ్మేలిలో 2013 లో ప్రారంభమైన ఈ రెండింటి సామర్థ్యం రోజుకు చెరి 10 కోట్ల లీటర్లు. నెమ్మేలిలోనే 15 కోట్ల లీటర్ల మరొక ప్లాంటు 2024 లో ప్రారంభమైంది. పేరూరులో 40 కోట్ల లీటర్ల ప్లాంటుకు 2023 లో శంకుస్థాపన జరిగింది. వాన కురిసినా కురవకపోయినా సముద్రం ఎండదు. ఆసుపత్రులు నడిపేవారిగా ఈ మేలును మేము తేలికగా తీసుకోము. నీళ్ళు లేనినాడు ఆపరేషన్ ఆగిపోతుంది, కాన్పు గది కడగడం ఆగిపోతుంది, చేతులు కడుక్కోవడం తగ్గి విరేచనాలు పెరుగుతాయి.

ఇక రెండవ ప్రక్క కూడా చూడండి. సముద్రపు నీరు వెయ్యి లీటర్లు శుద్ధిచేయాలంటే సుమారు 3 నుండి 4 యూనిట్ల కరెంటు కావాలి. ఆ లెక్కన 40 కోట్ల లీటర్ల ప్లాంటుకు రోజుకు 12 నుండి 16 లక్షల యూనిట్లు. 100 లీటర్ల మంచినీటికి రెండు వందల లీటర్లకు పైగా సముద్రపు నీరు లోపలికి తీసుకోవాలి. మిగిలినది సముద్రం కంటే ఇంచుమించు రెట్టింపు ఉప్పుతో తిరిగి సముద్రంలోకే పోతుంది. అది సరిగా కలిసిపోకపోతే పైపు దగ్గర ఉన్న చేపలకు, చేపగుడ్లకు హాని. ఆ చేపల మీదనే బ్రతికే కుటుంబాలు మన సంఘాలలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

మీంజూరు సంగతిలో మమ్మల్ని బాగా ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. ఆ ప్రాంతంలో దశాబ్దాలపాటు బోర్లతో భూమిలోని నీటిని అదేపనిగా తోడారు. భూమిలో మంచినీరు తగ్గేకొద్దీ సముద్రపు నీరు భూమి అడుగున కొన్ని కిలోమీటర్లు లోపలికి చొచ్చుకువచ్చి బావులను ఉప్పగా మార్చింది. తరువాత ఆ తీరంలోనే సముద్రపు నీటిని తియ్యగా మార్చే ప్లాంటు కట్టవలసి వచ్చింది. మా రోగులలో చాలామంది కథ ఇంతే కదా! షుగరును, బి.పి.ని పట్టించుకోకుండా కొన్నేళ్ళు గడిపి, కిడ్నీలు చెడిన తరువాత వారానికి రెండు మూడుసార్లు మెషిన్ దగ్గరకు రావడం.

బావులు ఉప్పగా మారడం రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. బంగ్లాదేశ్ సముద్రతీరంలో గర్భిణీ స్త్రీల మీద జరిగిన ఒక పరిశోధన 2011 లో ప్రచురితమైంది. త్రాగేనీటిలో ఉప్పు ఎక్కువైన కాలంలో గర్భిణీలలో బి.పి. కూడా ఎక్కువగా ఉన్నదని అందులో తేలింది. ప్లాంటు నీరు కుళాయి ఉన్నవారికి చేరుతుంది. కుళాయి లేని పల్లెలో గర్భిణీ త్రాగేది ఆ ఉప్పు బావి నీళ్ళే.

ఇశ్రాయేలు ఏమి చేసింది?

"ఇశ్రాయేలు దేశం సముద్రపు నీటితోనే బ్రతుకుతోంది" అని కొందరు అంటారు. నిజమే, 2005 లో అష్కెలోనులో పెద్ద ప్లాంటు ప్రారంభించిన తరువాత ఆ దేశం వరుసగా మరికొన్ని కట్టింది. ఇళ్ళలో వాడే నీటిలో ఎక్కువ భాగం ఇప్పుడు సముద్రం నుండే వస్తోంది. అయితే అదే దేశం వాడిన మురుగునీటిలో 80 శాతానికి పైగా శుద్ధిచేసి పొలాలకు పెడుతుంది. బొట్టు బొట్టుగా చెట్టు మొదట్లో నీరిచ్చే డ్రిప్ పద్ధతిని ప్రపంచానికి నేర్పింది. అంటే పొదుపు మానుకుని వారు సముద్రం మీద పడలేదు. పొరల గుండా వెళ్ళిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. కాల్షియం తిరిగి కలుపుతారు గాని, మెగ్నీషియం సంగతి ఏమిటని అక్కడి వైద్యులు ప్రశ్నిస్తున్నారు. గుండెకు మెగ్నీషియం అవసరం కనుక ఈ ప్రశ్న మన ప్లాంట్లకు కూడా వర్తిస్తుంది.

మేము కోరేది

మన తీరంలో ఎప్పుడైనా ఇలాంటి ప్లాంటు వస్తే మేము దానిని వద్దనము. కాని నాలుగు మాటలు అడుగుతాము. మొదటిది, ఆ నీరు ముందుగా ఇళ్ళకు, ఆసుపత్రులకు, బడులకు రావాలి. పరిశ్రమల తరువాత మిగిలినది మనకు కాకూడదు. రెండవది, బీదవాడ చివరి వీధి కుళాయిలో నీరు వచ్చిన రోజునే నీటి భద్రత వచ్చినదని లెక్కవేయాలి. మూడవది, ఉప్పునీరు వదిలే చోటు నిర్ణయించేటప్పుడు మత్స్యకారులను పిలిచి అడగాలి. సముద్రం పోకడ వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. నాలుగవది, ప్లాంటు వచ్చినదని చెరువులు పూడ్చి ప్లాట్లు వేయకూడదు.

మన చేతిలో ఉన్న పని కూడా ఉంది. మా డయాలసిస్ ఆర్.ఓ. నుండి వృథాగా పోయే నీటిని పట్టి, నేల తుడవడానికి, మరుగుదొడ్లకు వాడుతున్నాము. మీ ఇంట్లో ఆర్.ఓ. ఫిల్టరు ఉంటే దాని సన్నపైపు క్రింద ఒక బకెట్ పెట్టి చూడండి. ఎంత నీరు పోతోందో తెలుస్తుంది. గుడి మీద పడే వాననీటిని గొట్టం ద్వారా ఇంకుడు గుంతకు, లేదా బావి పక్కకు మళ్ళించడానికి ఒక సంఘం కలిసి వస్తే పెద్ద ఖర్చు కాదు.

పాతనిబంధనలో ఇస్సాకు గెరారు లోయలో క్రొత్త బావులకు ముందు, తన తండ్రియైన అబ్రాహాము దినములలో త్రవ్విన బావులను తిరిగి త్రవ్వించాడు. ఫిలిష్తీయులు వాటిని పూడ్చివేశారు. మన ఊళ్ళలో పూడిపోయిన బావులను ఫిలిష్తీయులు వచ్చి పూడ్చలేదు. చెత్త వేసి మనమే పూడ్చుకున్నాము.

కనుక అమ్మా, ఆ ఉదయం మీరు అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది: సముద్రం దగ్గరకు వెళ్ళవలసిన రోజు వస్తే వెళదాము. ఆ రోజును వీలైనంత దూరంగా ఉంచేది మాత్రం మన చెరువే. మీ భర్తగారికి డయాలసిస్ చేస్తూనే, ఇంట్లో మీ పిల్లల బి.పి. చూపించుకోమని చెబుతాము గదా. ఇదీ అటువంటిదే.

దేవుడు మీ కుటుంబాలను ఆరోగ్యముతో దీవించును గాక.

- నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది తరపున