తూటా గొట్టముపై ముద్ర

కాల్చిన తూటా యొక్క ఇత్తడి గొట్టమును పాఱవేయక, దానిలో మరల రంజకమును, మందును, గుండును స్వహస్తములతో కూర్చుకొను అలవాటు అమెరికాలోని గురికాండ్రలో విశేషముగా కలదు. ఏ కంపెనీ గొట్టము మేలైనదను వాదము వారిలో ఎడతెగక జరుగుచుండును. ఫిన్లండు దేశపు లాపువాను కొనియాడువారు కొందఱు. స్వీడను దేశపు నార్మాయే మిన్న యనువారు కొందఱు. తమ దేశపు వించెస్టరు, రెమింగ్టనులే చాలునని తృప్తిపడువారు మఱికొందఱు. ఈ వాదమున నిజము లేకపోలేదు. కాని ఆ నిజము పేరులో గాక గొట్టపు గోడలో నున్నదని మా యభిప్రాయము.

తుపాకిలో ఇముడవలెను గనుక గొట్టముల వెలుపలి కొలతలు ఇంచుమించు ఒక్కటియే. లోపల నట్లు గాదు. 1952లో వెలువడిన .308 వించెస్టరు తూటానే తీసికొందము. ఒక గొట్టము 160 గ్రెయినుల చేరువ తూగగా, సైన్యమునకై చేసిన అదే కొలత గొట్టము 180 గ్రెయినుల చేరువ తూగుట కలదు. ఇత్తడి నీటికంటె సుమారు 8.5 రెట్లు బరువు. కావున లోగోడలో 17 గ్రెయినుల లోహము హెచ్చినచో 2 గ్రెయినుల నీరు పట్టు చోటు తగ్గిపోవును. చోటు తగ్గినపుడు అదే మందు అధికమైన ఒత్తిడిని పుట్టించును. గుండు వేగమును మాఱును. నూఱు గజములలో ఈ భేదము కానరాకపోవచ్చును. వేయి గజములకడ వేగము తగ్గిన గుండు గురికి దిగువను, హెచ్చినది ఎగువను తగులును.

గురి తప్పుట యటుండనిండు. పలుచని గొట్టమునకు పరమావధిగా నిర్ణయించిన మందును దళసరి గొట్టములో పోసినచో తుపాకియే పగులవచ్చును. అది చెంప కానించి కాల్చు ఆయుధమని మఱవరాదు.

వెల హెచ్చైనది కొన్న చాలదా యని కొందఱడుగుదురు. మంచి కంపెనీ గొట్టములలో మెడ మందము, అడుగు రంధ్రము ఒక్క తీరున నుండును. అందుచే ఏఱివేయు శ్రమ తగ్గును. ఆ కీర్తి వారికి న్యాయమే. కాని చౌక గొట్టములనైనను ఏఱి, మెడ చెక్కి, రంధ్రపు అంచు నునుపు చేసికొన్నవాడు ఆ లోపమును చాలవఱకు పూరించుకొనగలడు. తూకమొక్కటియే ప్రమాణము గాదు. హెచ్చు లోహము అడుగు అంచుననే యుండవచ్చును. కాల్చిన గొట్టమును నీటితో నింపి తూచుటయే సరియైన పరీక్ష.

కావున ఒక కంపెనీ గొట్టములను వేఱొకదానితో కలుపరాదు. కంపెనీ మార్చినపుడు మందు తగ్గించి, మరల మొదటినుండి క్రమముగా పెంచుకొనవలెను. ముద్ర సాక్షి మాత్రమే; తీర్పు చెప్పవలసినది త్రాసు. సాక్షి ఎంత పేరుగలవాడైనను, విచారణ లేక తీర్పు చెప్పుట ఏ న్యాయము?