వెండికి మట్టి అచ్చు

ఈసారి ముఖచిత్రం ఒక నల్లని మట్టి పళ్లెం. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఇటలీలోని కాలెస్ పట్టణంలో ఇలాంటివి చేసేవారు. దేవతలకు ద్రాక్షసారా ధారపోసే ఈ పాత్రను గ్రీకులు ఫియాలె అన్నారు. నడుమ బొడిపె, చుట్టూ ఉబ్బెత్తు బొమ్మలు: పరుగెత్తే నాలుగు గుర్రాల రథాలు, వాటిలో దేవతలు, వాళ్లతోపాటు గ్రీకు వీరుడు హెరాక్లీస్.

ఆ బొమ్మలు వెండి పళ్లేల నుంచి అచ్చు తీసినవి. వెండి, మట్టి పాత్రలు రెంటినీ పోల్చి 1941లో పురావస్తు శాస్త్రవేత్త గిసెలా రిక్టర్ ఈ సంగతి వివరంగా రాశారు.

ఇక నలుపు. అది రంగు కాదు, ఇనుమున్న మెత్తని బంకమట్టి పూత. ఆవంలో గాలి ఆడకుండా పొగపెడితే పాత్రంతా నల్లబడుతుంది. మళ్లీ గాలి వదిలితే లోపలి మట్టి ఎర్రబడుతుంది. గాజులా బిగుసుకున్న పూత మాత్రం నల్లగానే ఉండిపోతుంది. వేడి, గాలి రెండూ కుమ్మరి చేతిలో ఉంటేనే ఇది సాధ్యం.

అందుకే వీటిని చౌక నకళ్లనడం నాకు నచ్చదు. వెండి పాత్రలు చాలావరకు కరిగిపోయాయి. మట్టిని కరిగించి అమ్ముకునేవాళ్లు లేరు. పైగా కనోలేయుస్ అనే కుమ్మరి పాత్ర మీదే తన పేరు వేసుకున్నాడు. ఆ అక్షరాలు చదవగలిగేంత పెద్ద బొమ్మను లోపలి పేజీల్లో ఇస్తున్నాం.