తరగతి గది బయట చదివినా పట్టా మనదే

వానలు పడంగనే మన వాడల్లో రెండు పనులు ఒక్కసారే ముందరికొస్తయి. ఒకటి నాట్లు, రెండోది అడ్మిషన్లు. నాట్లకు పిలవడానికి పటేలు తెల్లారకముందే మనిషిని పంపుతాడు. అడ్మిషన్లకు పిలవడానికి మాత్రం ఎవరూ రారు. తారీఖు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో కూడా మన వాడకు తెల్వదు. అందుకే ఈ సంచికలో మేమే పిలుస్తున్నాం.

ఎవరిని పిలుస్తున్నాం? పదో తరగతిలో లెక్కలు పోయి మళ్లీ బడి మొఖం చూడనోణ్ణి. బస్సు పాసుకు పైసలు లేక ఇంటరు మధ్యలో ఆపిన చెల్లెను. పెళ్లి చేసి పంపితే పుస్తకం మూసిన అక్కను. తండ్రి మంచాన పడితే పట్నం పోయి సెంట్రింగు పని పట్టిన తమ్ముణ్ణి. వీళ్లను ఊరు 'చదువు అబ్బనోళ్లు' అంటది. మేం ఒప్పుకోం. వీళ్లకు చదువు అబ్బక కాదు, చదువును వీళ్ల దాకా రానియ్యక ఆగింది.

చూడండి, వీళ్లే ఇయ్యాల ఏం చేస్తున్నరో. ఆ అక్క పొదుపు సంఘం పుస్తకాలు రాస్తది, అసలెంతో వడ్డీ ఎంతో నోటిమీద చెప్తది. ఆ తమ్ముడు ఇంటి ప్లాను కాగితం చూసి ఎన్ని టన్నుల ఇనుము పడ్తదో చెప్తాడు. 1989 నాటి అట్రాసిటీ చట్టంలో ఏ సెక్షను ఎక్కడ వర్తిస్తదో ఎస్సైకి ఎదురు నిలబడి చెప్పే కార్యకర్తలు మన సంఘాల్లో ఉన్నరు. వీళ్లకు తెలివి తక్కువ లేదు. తక్కువైంది కాగితం. కానీ ఆ కాగితం లేనిదే ఎస్సై ఉద్యోగానికి దరఖాస్తు చెల్లదు, గ్రూప్-2 చెల్లదు. రిజర్వేషన్ పోస్టు మనకోసమే ఉన్నా, పట్టా లేకపోతే దాన్ని దూరం నుంచి చూసుడే.

మరి తరగతి గదిలో మూడేండ్లు కూర్చోకుండ పట్టా వస్తదా? వస్తది. ఇది మనం దయగా అడిగే వెసులుబాటు కాదు. లోకం ఎన్నడో ఒప్పుకున్న న్యాయం. ఎక్కడ చదివినవు, ఎవరి దగ్గర చదివినవు అని కాదు, ఏం తెలుసు అని అడగాలె. తెలిస్తే పట్టా ఇయ్యాలె.

లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే ఈ పద్ధతి పెట్టింది. తన కాలేజీల్లో చదవకున్నా సరే, పరీక్ష రాసి పాసైనోళ్లకు డిగ్రీ ఇచ్చింది. దక్షిణాఫ్రికాలో యునీసా అనే విశ్వవిద్యాలయం మొదలైందే పరీక్షలు పెట్టే సంస్థగా. నల్లజాతి నాయకుడు నెల్సన్ మండేలా కాలేజీ నుంచి బయటికి నెట్టబడ్డ తర్వాత, పగలు లాయరు ఆఫీసులో పనిచేస్తూ అదే యునీసా ద్వారా బి.ఏ. పూర్తిచేసి 1943లో పట్టా అందుకున్నాడు. తర్వాత రాబెన్ దీవి జైల్లో పగలు సున్నపురాతి గనిలో పని, రాత్రి లా పుస్తకాలు. 1989లో, ఇంకా ఖైదులో ఉండగానే, అదే విశ్వవిద్యాలయం నుంచి ఎల్.ఎల్.బి. సంపాదించాడు. జైలు గోడలు ఆపలేని చదువును వాడ గోడలు ఆపగలవా?

అమెరికాలో ఇంకో పద్ధతి ఉంది. అక్కడ డిగ్రీని క్రెడిట్ల కింద లెక్కగడతారు. మామూలుగా డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలె. మన ఉపాధి హామీ పనిలో మస్టరు మీద దినాలు జమైనట్టే అక్కడ క్రెడిట్లు జమైతయి. కాలేజీలో కూర్చుని జమ చేసుకోవచ్చు. లేదంటే స్వంతంగా చదువుకొని 'క్లెప్' అనే పరీక్షలు రాసి జమ చేసుకోవచ్చు. 1967 నుంచి ఉన్నయి ఇవి. ఒక్కో పరీక్షకు సుమారు వంద డాలర్లు. అదే సబ్జెక్టు కాలేజీలో చదివితే అయ్యే ఖర్చుతో పోలిస్తే అది ఏపాటి? ఏ పరీక్షకు ఎన్ని క్రెడిట్లు ఇయ్యాలె అనేది ఒక్కో కాలేజీ ఒక్కో తీరుగ నిర్ణయిస్తది, కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలె. న్యూయార్కు రాష్ట్రమైతే 1971లో తరగతి గదే లేకుండా డిగ్రీ ఇచ్చే ఏర్పాటు చేసింది. నర్సులు, సిపాయిలు, ఉద్యోగం చేసుకునేటోళ్లు ఈ దారిన పట్టభద్రులైన్రు.

మన దగ్గర ఏమైంది? గురువు దగ్గర కూర్చోనియ్యకున్నా స్వంతంగా విద్య నేర్చిన ఏకలవ్యుడి కథ మనందరికీ తెలుసు. అతనికి పరీక్ష అయితే పెట్టిన్రు. పాసయ్యాడు కూడా. పాసైనందుకు పట్టా ఇయ్యలేదు, బొటనవేలు అడిగిన్రు. స్వంతంగా నేర్చుకున్నోణ్ణి చూస్తే ఈ వ్యవస్థకు ఎప్పుడూ భయమే. ఆ భయానికి విరుగుడుగానే బాబాసాహెబ్ అంబేద్కర్ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు, ఉద్యోగం చేసుకునేటోళ్లు కూడా చదువుకునేట్టు పొద్దున పూట క్లాసులు నడిపించాడు. కూలి పోగొట్టుకోకుండ చదువు దొరకాలె అన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పే పని లేకుండె.

మన తెలుగు గడ్డ మీద ఆ పని 1982లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఢిల్లీలో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది ఆ తర్వాత మూడేండ్లకు, 1985లో. 1991లో, బాబాసాహెబ్ శతజయంతి ఏట, మన విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టిన్రు. పేరుకు తగ్గ పని కూడా చేసింది. ఇంటరు సర్టిఫికెట్ లేకున్నా, అర్హత పరీక్ష ఒక్కటి పాసైతే డిగ్రీలో చేర్చుకున్నది. ఆ ఒక్క తలుపు గుండా ఎందరు కండక్టర్లు, అటెండర్లు, అంగన్వాడీ టీచర్లు, గృహిణులు పట్టభద్రులైన్రో! జైళ్లలో ఉన్న ఖైదీలు కూడా ఈ విశ్వవిద్యాలయం డిగ్రీలు తీసుకున్నరు. దాని తెలుగు పుస్తకాలు ఎంత మంచివంటే, రెగ్యులర్ కాలేజీల్లో చదివి గ్రూప్స్‌కు తయారయ్యేటోళ్లు కూడా తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన వీటినే పెట్టుకొని చదువుతరు. ఆ పుస్తకాలు మన ఇంటికొస్తే మనం అటక మీద పడేసుడు న్యాయమా?

అయితే ఆ తలుపు అట్లనే లేదు. 2009లో సుప్రీంకోర్టు అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో, మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్‌లో నేరుగా తీసుకున్న పీజీ చెల్లదని చెప్పింది. యూజీసీ నిబంధనలు కూడా బిగిసినయి. ఇప్పుడు డిగ్రీలో చేరాలంటే ఇంటరో, దానికి సమానమైనదో చేతిలో ఉండాలె. పాత కాలం మాట పట్టుకొని "ఏం లేకున్నా డిగ్రీలో చేరొచ్చట" అని వాడలో చెప్పకండి. చెప్తే ఆ పిల్లలే నష్టపోతరు.

ఇయ్యాలటి మెట్లు ఇట్లున్నయి. మొదటి మెట్టు ఓపెన్ స్కూలు. జాతీయ సంస్థ ఎన్.ఐ.ఓ.ఎస్. ఉంది. తెలంగాణకు ఓపెన్ స్కూల్ సొసైటీ, ఆంధ్రకు సార్వత్రిక విద్యాపీఠం వేరువేరుగా ఉన్నయి. పది అయినా ఇంటరు అయినా అందులో కట్టొచ్చు. ఎన్.ఐ.ఓ.ఎస్.లో ఐదు సబ్జెక్టులు పాసైతే సర్టిఫికెట్. ఐదేండ్లలో తొమ్మిదిసార్లు రాసే అవకాశం ఉంటది. ఒక సబ్జెక్టు పాసైతే అది పాసైనట్టే జమ ఉంటది, మళ్లీ రాసే పని లేదు. బోర్డు పరీక్షలో పాసైన సబ్జెక్టులు కూడా రెండు దాకా ఇటు మార్చుకోవచ్చు. లెక్కలు పోయినాయని జీవితమే పోయిందనుకున్న తమ్ముడికి ఈ సంగతి చెప్పండి.

రెండో మెట్టు డిగ్రీ. ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ., బి.కాం. తెలుగులోనే చదవొచ్చు. వారమంతా కూలి చేసుకొని సెలవు దినాన స్టడీ సెంటరులో క్లాసు వినొచ్చు. ఏదన్న పేపరు పోతే ఆ ఒక్కటే మళ్లీ రాయాలె. ఇంకో మాట. యూజీసీ 2021లో క్రెడిట్ల బ్యాంకు పెట్టింది. చదివిన చదువు లెక్క అందులో జమ ఉంటది. 2022లో అదే యూజీసీ, గుర్తింపు ఉన్న సంస్థల దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని స్పష్టంగా చెప్పింది. "ఓపెన్ డిగ్రీనా?" అని ఎవడన్న ముక్కు విరిస్తే ఆ మాట మొఖం మీద చెప్పండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద కాగితాలు చూస్తనే ఉన్నం: 'ఒక్క సిట్టింగులో డిగ్రీ', 'పరీక్ష లేకుండా సర్టిఫికెట్'. మూడేండ్ల డిగ్రీ ఒక్క సిట్టింగులో రాదు. వస్తే అది డిగ్రీ కాదు. మన ఆడబిడ్డ పుస్తెలతాడు కుదువపెట్టి తెచ్చిన పైసలు దళారి జేబులో పడ్తయి. ఉద్యోగం వచ్చినాక సర్టిఫికెట్ల తనిఖీలో దొరికితే ఉద్యోగమూ పోతది, కేసూ మిగుల్తది. యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో ఆ సంస్థ, ఆ కోర్సు, ఆ సంవత్సరానికి ఉన్నదా అని చూడనిదే ఒక్క రూపాయి కట్టొద్దు. ఇంజనీరింగు, వైద్యం, లా కోర్సులు దూరవిద్యలో ఇస్తమని ఎవడన్న చెప్తే వాణ్ణి అసలే నమ్మొద్దు.

మన మిత్రుల్లోనే కొందరు ఒక ప్రశ్న వేస్తున్నరు. "ఓపెన్ చదువులను పొగిడితే సర్కారు కాలేజీలు, హాస్టళ్లు కట్టకుండ తప్పించుకుంటది గద?" ప్రశ్న సరైందే. మేం దాన్ని దాటవేయం. పదిహేనేండ్ల పిల్లకు కావాల్సింది బడి, హాస్టలు, ల్యాబు, లైబ్రరీ, తోటి పిల్లలతో చర్చ. ఆమెను "ఓపెన్‌లో కట్టుకో, కూలికి రా" అనడం అన్యాయం. హాస్టళ్ల కోసం, స్కాలర్‌షిప్‌ల కోసం పోరాటం ఒక్క అడుగు కూడా వెనక్కి తగ్గొద్దు. కానీ ముప్పై ఐదేండ్ల అక్కకు, ఇద్దరు పిల్లల తండ్రికి ఆ కాలేజీ తిరిగి రాదు. కాలేజీ చదువుల ఖర్చులో ఫీజు చిన్నది. పోయిన కూలి పెద్దది. మూడేండ్లు కూలి ఆపుకునే ఇల్లు మన వాడలో ఏదుంది? వాళ్లకు పరీక్ష రాసి పట్టా తీసుకునే దారి మూసేస్తే, మనమే వాళ్లను రెండోసారి బడి నుంచి వెళ్లగొట్టినట్టు. రెండు పోరాటాలూ కలిసే నడవాలె.

అందుకే ప్రభుత్వాలను మేం అడుగుతున్నాం. ఓపెన్ స్కూలు, ఓపెన్ డిగ్రీ ఫీజులు, పరీక్ష ఫీజులు మొత్తం దళిత, ఆదివాసీ విద్యార్థులకు రద్దు చెయ్యాలె. స్టడీ సెంటరు, పరీక్ష సెంటరు ప్రతి మండల కేంద్రానికి రావాలె. పరీక్ష రాయడానికి బస్సెక్కి పోయి రెండు దినాల కూలి పోగొట్టుకునే గతి ఉండొద్దు. మూసిన అర్హత పరీక్ష తలుపు మళ్లీ తెరవాలె. పనిలో నేర్చుకున్న విద్యను పరీక్షించి క్రెడిట్లు ఇయ్యాలె. మేస్త్రీకి, మంత్రసానికి, తోలుపని చేసే మనిషికి తెలిసింది విద్య కాదని ఎవడన్నడు?

సర్కారు కదిలేదాకా మనం కూర్చోవద్దు. ప్రతి వాడలో అంబేద్కర్ భవనం తాళం తియ్యండి. అది జయంతికి, వర్ధంతికి దండలేసే జాగ మాత్రమే కాదు. బడి మానేసినోళ్ల పేర్లు ఇల్లిల్లూ తిరిగి రాయండి. ఎవరు ఏ క్లాసు దాకా వచ్చిన్రు, ఏ సబ్జెక్టు పోయింది, అన్నీ రాయండి. అడ్మిషన్ల చివరి తారీఖు పెద్ద అక్షరాలతో గోడ మీద రాయండి. పది పాసైనామె పది కట్టేటోళ్లకు, డిగ్రీ పాసైనోడు డిగ్రీ కట్టేటోళ్లకు ఆదివారం రెండు గంటలు చెప్పాలె. పాసైన్రుగద, ఆ పుస్తకాలు తూకానికి అమ్మొద్దు, భవనంలో పెట్టండి. ఉద్యోగాలు వచ్చి పట్నంలో స్థిరపడ్డ మన అన్నలకు కూడా చెప్తున్నాం. రిజర్వేషన్ పోరాడి తెచ్చింది వాడ. ఏడాదికి ఒక్కరి పరీక్ష ఫీజు కట్టుడు దానమని అనుకోకండి, అది వాడకు మీరు పడ్డ బాకీ.

మన తాతలను బడి గడప తొక్కనియ్యలేదు. మన తండ్రులు బయట కూర్చొని అక్షరాలు విన్నరు. మనం లోపలికి వచ్చినం. వెనకపడ్డ మనోళ్లు లోపలికి వచ్చేదాకా తలుపు దగ్గర నిలబడి పిలుస్తనే ఉండాలె.

చదువుకుందాం! పరీక్ష రాద్దాం! పట్టా గుంజుకుందాం!

జై భీమ్!